మా ఇంటి ముందు గ్రౌండ్‌లో 1980 నాటి సైరన్

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఆదివారం సాయంత్రం నాలుగైంది. జులై నెల, మాకు నడి చలికాలం. ఇంకో గంటలో చీకటి పడిపోతుంది. అందుకే మావాడు అరగంట నుంచి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో బంతితో. పదండి, మీరూ రండి.

మా వీధి చివర కనిపిస్తోంది చూడండి, ఆ పెద్ద కాంక్రీటు స్టాండ్. చుట్టూ ఇళ్లు, మధ్యలో పచ్చటి గ్రౌండ్, ఒక పక్కన ఈ స్టాండ్. మొదటిసారి ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు ఇదేంటో నాకు అర్థం కాలేదు. ఇళ్ల మధ్య ఇంత స్టేడియం ముక్క ఎందుకుందని మా ఆయన్ని అడిగితే, ఏదో పాతదట అన్నారు. అంతే, వదిలేశాం. మూడేళ్లు ఈ గ్రౌండ్ చుట్టూ వాకింగ్ చేశాను, దీని కథ మాత్రం మొన్నటిదాకా తెలియదు.

దీన్ని వేవర్లీ పార్క్ అంటారు. మేముండేది మల్‌గ్రేవ్. 1970లో విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్ వాళ్లు సొంతంగా కట్టుకున్న స్టేడియం ఇది. ఇక్కడి ఫుట్‌బాల్ మనకి తెలిసింది కాదు, బంతిని చేత్తో కూడా పట్టుకునే ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట, ముద్దుగా ఫుటీ అంటారు. అప్పట్లో వీఎఫ్ఎల్ పార్క్. 1981లో ఒకే మ్యాచ్‌కి 92,935 మంది వచ్చారంటే నమ్ముతారా? ఇప్పుడు మేం చెత్త డబ్బాలు బయట పెట్టే ఈ వీధుల్లోనే అంత జనం! 1999లో చివరి పెద్ద మ్యాచ్ అయిపోయాక స్థలం అమ్మేశారు, ఇళ్లు కట్టారు. ఈ స్టాండ్ వారసత్వ కట్టడం కాబట్టి ఉంచేశారు.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ఒక మాట. 1977 డిసెంబర్‌లో ఇక్కడి టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ వరల్డ్ సిరీస్ అని సొంత క్రికెట్ పోటీలు పెట్టినప్పుడు ఫ్లడ్‌లైట్ల కింద క్రికెట్ ఆడించింది ఇక్కడే. పిచ్‌ని వేరే చోట పెంచి తెచ్చి గ్రౌండ్ మధ్యలో దించారు. మనం రాత్రిళ్లు కూర్చుని చూసే ఐపీఎల్ మ్యాచ్‌ల తాతమ్మ ఈ గడ్డ మీదే ఆడిందన్నమాట. నాకైతే అది తెలిసిన రోజు ఒళ్లు జలదరించింది.

ఆ లైట్లే ఫుటీకీ పనికొచ్చాయి. ఇదంతా చెప్పింది మా పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటాయి. ఆయన పెరట్లో నిమ్మచెట్టు కాపు కాస్తే ఒక బుట్ట మా గోడ మీద పెట్టేస్తారు, నేను ఆవకాయ సీసా అటు పెడతాను. మావాడు ఆయన్ని తాతా అనే పిలుస్తాడు. ఆ మాటకి అర్థం తెలిశాక పెద్దాయన కళ్లు తడయ్యాయి.

మొన్న శుక్రవారం వాన. వేడివేడిగా మిరపకాయ బజ్జీలు వేసి పట్టుకెళ్లాను. ఆయన చేతిలో ఒక ఉన్ని మఫ్లర్ ఉంది. నలుపు, తెలుపు చారలు. ఒక కొస దగ్గర పురుగు కొట్టిన చిన్న చిల్లు, దాన్ని నల్ల దారంతో కుట్టారు. వాళ్లమ్మ అల్లిందట. కాలింగ్‌వుడ్ అనే ఫుటీ జట్టు రంగులు అవి. ఆ మఫ్లర్ వేసుకుని 1980లో ఒక రాత్రి వాళ్ల నాన్నతో కలిసి ఇక్కడికొచ్చారట. కథ అక్కడ మొదలుపెట్టారు.

ఆ రోజుల్లో అసలు సీజన్ శనివారం మధ్యాహ్నాలు నడుస్తుంటే, దానికి సమాంతరంగా రాత్రిపూట ఇంకో పోటీ ఉండేది. నైట్ సిరీస్. పక్కా నాకౌట్. లీగ్‌లో అయితే ఒక వారం ఓడినా మళ్లీ వారం ఉంటుంది, ఇక్కడ ఒక్కసారి ఓడితే ఇంటికే. విక్టోరియా లీగ్‌లోని 12 జట్లే కాదు, వేరే రాష్ట్రాల జట్లూ వచ్చేవి. అప్పట్లో ఒక సిగరెట్ కంపెనీ స్పాన్సర్, ఆ పేరుతోనే ఎస్కార్ట్ ఛాంపియన్‌షిప్స్ అనేవాళ్లు. మా ఊళ్లో సంక్రాంతికి వాలీబాల్ టోర్నమెంట్లు పెట్టేవాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల జట్లన్నీ దిగేవి. నాకు అదే గుర్తొచ్చింది.

చలి మాత్రం ఘోరమట. ఈ స్టేడియానికి ఆర్కిటిక్ పార్క్ అని పేరు పెట్టారంటే చూసుకోండి. రైలు మార్గం వేస్తామన్నారు, వేయలేదు. అందరూ కార్లలోనే రావాలి, మ్యాచ్ అయ్యాక పార్కింగ్ లోంచి బయటపడ్డానికి గంటలు పట్టేది. అయినా వచ్చేవాళ్లు. నాకు అదే నచ్చింది. ఇంత చలిలో, ఇంత దూరం, మళ్లీ పొద్దున్నే పనికి పోవాలి, అయినా వచ్చేవాళ్లు.

1980 ఫైనల్ కాలింగ్‌వుడ్‌కీ నార్త్ మెల్‌బోర్న్‌కీ. అంతకుముందు ఏడాది నైట్ కప్పు కాలింగ్‌వుడ్‌దే. కానీ అసలు కప్పు, అంటే లీగ్ కప్పు, 1958 తర్వాత వాళ్లకి దక్కలేదు. ఆ ఆకలి మీదున్న అభిమానులకి రాత్రి కప్పు అయినా పెద్ద ఊరటే.

ఇక్కడ ఒక చిన్న రూల్ చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఇంకొకరు కాలితో కొట్టిన బంతి కనీసం 15 మీటర్లు వచ్చి, నేల తగలకుండా చేతికి చిక్కితే దాన్ని మార్క్ అంటారు. మార్క్ పట్టినవాడిని ఎవరూ ముట్టుకోకూడదు, తాపీగా గోల్‌కి కొట్టుకోవచ్చు. మధ్య స్తంభాల మధ్య నుంచి పోతే 6 పాయింట్లు, పక్క నుంచి పోతే 1. మార్క్ పట్టాక సైరన్ మోగినా కిక్ హక్కు ఉంటుంది. సైరన్ మోగాక పట్టుకుంటే మాత్రం ఆట అయిపోయినట్టే. కాకపోతే ఆ సైరన్ అంపైర్ చెవిన పడాలి.

ఆఖరి క్షణాలు. కాలింగ్‌వుడ్ మూడు పాయింట్ల ముందంజ. సైరన్ మోగింది. పెద్దాయనకి వినిపించింది, ఆయన తిరిగి వాళ్ల నాన్నని గట్టిగా కావలించుకున్నారు. జనమంతా గోల. సరిగ్గా అప్పుడే నార్త్ మెల్‌బోర్న్ కుర్రాడు కెర్రీ గుడ్ బంతిని పట్టుకున్నాడు. అంపైర్‌కి సైరన్ వినపడలేదు. మార్క్ ఇచ్చేశాడు. గుడ్ కొట్టాడు, స్తంభాల మధ్య నుంచి పోయింది. మూడు పాయింట్ల తేడాతో కప్పు నార్త్ మెల్‌బోర్న్‌కి వెళ్లిపోయింది.

కార్లో కూర్చున్నాక వాళ్ల నాన్న ఇంజన్ స్టార్ట్ చేయలేదట. ముందు కార్లు కదిలాయి, వెనక కార్లు హారన్ కొట్టాయి. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, 'నువ్వు విన్నావు కదరా?' అని ఒకటే మాట అడిగారట. విన్నాను నాన్నా అన్నారట ఈయన. ఇంటిదాకా ఇంకో మాట లేదు.

ఆ ఏడాదే అసలు గ్రాండ్ ఫైనల్‌కీ వెళ్లింది కాలింగ్‌వుడ్. రిచ్‌మండ్ చేతిలో 81 పాయింట్ల తేడాతో ఓడింది. దాని గురించి పెద్దాయన ఏమీ అనలేదు, చెయ్యి ఊపి వదిలేశారు. అంత ఘోరంగా ఓడితే ఒప్పుకోవచ్చు, గెలిచి ఓడిందే మనసులో ఉండిపోతుందేమో.

2006లో టాస్మేనియాలో ఇలాగే జరిగింది. ఫ్రీమాంటిల్ ఒక్క పాయింట్ ముందుంది, సైరన్ మోగినా అంపైర్లకి వినపడక ఆట సాగింది, సెయింట్ కిల్డా ఒక పాయింట్ కొట్టి సమం చేసింది. కొన్ని రోజుల్లోనే లీగ్ ఫలితం మార్చి ఫ్రీమాంటిల్ గెలిచిందని ప్రకటించింది. ఆ వార్త విన్న రోజు పెద్దాయన వాళ్ల నాన్న ఫోటో ముందు చాలాసేపు కూర్చున్నారట. ఆ మాట చెబుతుంటే గొంతు పూడుకుపోయింది, నాకూ బజ్జీ మింగుడు పడలేదు.

ఆ నైట్ సిరీస్ ఇప్పుడు లేదు. 1988 నుంచి సీజన్ మొదలవకముందే ఆడించడం మొదలుపెట్టారు, 2013 తర్వాత కప్పే తీసేశారు. కాలింగ్‌వుడ్‌కి 1990లో అసలు కప్పు వచ్చింది, తర్వాత 2010లో, 2023లో కూడా. పెద్దాయన 2023 చూశారు. వాళ్ల నాన్న 1990 కూడా చూడలేదు.

అదిగో, ఆయన కూడా వచ్చేశారు. మఫ్లర్ మెడలోనే ఉంది. మావాడు పరిగెత్తాడు. ఆయనకి మోకాళ్ల నొప్పి, అయినా బంతి వంగి తీసుకుని గట్టిగానే తన్నారు. చీకటి పడుతోంది. వంట కూడా కాలేదు, నేను ఇక్కణ్ణుంచే కేకేశాను, 'ఇక చాలు, ఇంటికి పద!' బంతి అప్పుడే గాల్లో ఉంది. మావాడు ఎగిరి రెండు చేతులతో పట్టేసి నా వైపు చూశాడు, తర్వాత ఆయన వైపు.

పెద్దాయన నాకు చెయ్యి చూపించి, కొంచెం ఆగమ్మా అన్నట్టు తలూపారు. వాడిని కొట్టమన్నారు.