ఆదర్శ నగరంలో పశువును కోసేదెవరు?

అందరికీ నమస్కారం.

ఆదర్శ సమాజం అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్. 1516లో లాటిన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం ‘యుటోపియా’లోని ఊహా ద్వీపంలో సొంత ఆస్తి లేదు, డబ్బు లేదు, రోజుకు 6 గంటలే పని. గొర్రెల మేత కోసం కంచెలు వేసి, ఇంగ్లండ్ రైతులను పొలాల నుంచి వెళ్లగొడుతున్న రోజులవి. అప్పట్లో అలా రాయడానికి గుండె ధైర్యం కావాలి.

కానీ ఆ ద్వీపంలో మాంసం ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. పశువులను ఊరి బయట కోసి, అక్కడే పారే నీళ్లలో కడిగి, శుభ్రమైన మాంసాన్ని మాత్రం బజారుకు తెస్తారు. కోసేది బానిసలు. ఆ పని అలవాటైతే పౌరుల్లో జాలి చచ్చిపోతుందట! మరి బానిసల మనసు మాటేమిటి? అందరూ కలిసి భోంచేసే శాలల్లోనూ రోత పనులన్నీ వాళ్లవే. ఒక్కటి ఒప్పుకోవాలి, అక్కడ బానిసత్వం పుట్టుకతో రాదు.

ఇంచుమించు అదే కాలంలో కాశీలో భక్తకవి రవిదాస్ ఉన్నాడు. తన కులంవాళ్లు కాశీ చుట్టుపక్కల చచ్చిన పశువులను మోస్తారని ఆయనే పాడుకున్నాడు. అంటే మోర్ ఊరి బయట పెట్టిన పని రవిదాస్ ఇంటి పని. మాదిగవాడల్లో పెరిగినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. రవిదాస్ ఊహించిన ఊరు బేగంపురా, అంటే దుఃఖం లేని ఊరు. దాని మీద ఆయన కట్టిన పాట సిక్కుల పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో ఉంది. మోర్ లాగా 54 పట్టణాల వర్ణన లేదు, కొద్ది చరణాలే. అక్కడ దుఃఖం లేదు, పన్ను కట్టాలన్న టెన్షన్ లేదు. రెండో రకం, మూడో రకం మనుషులు లేరు. ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు తిరగొచ్చు, అడ్డుకునేవాడు లేడు.

యుటోపియాలో ఊరు దాటాలంటే అనుమతి పత్రం ఉండాలి. అది లేకుండా రెండోసారి దొరికితే బానిసను చేస్తారు. లండన్‌లో పేరున్న న్యాయవాది అయిన మోర్‌కు అది మంచి కట్టుబాటుగానే తోచింది. వీధుల్లో నడవనివ్వని మనిషికైతే, స్వేచ్ఛగా తిరగడమే నగరానికి మొదటి లక్షణం. అందుకే ఈ రెండిటిలో బేగంపురాయే పెద్ద కల అంటాను.

మన కాలేజీల్లో యుటోపియా పాఠం చెప్పే రోజునే ఈ పాట కూడా చదివించండి. చివరి చరణం వదిలేయకండి. అందులో రవిదాస్ తన కులం పేరు దాచుకోకుండా చెప్పి, నా ఊరివాడే నా మిత్రుడు అంటాడు.