ఒంటె కాళ్లు గీసిన మనిషి

సభకు నమస్కారం. హెడ్‌మాస్టర్ గారికి, సర్పంచ్ గారికి, ముందు వరుసలో ఉన్న ఇమామ్ సాబ్‌కి, బహుమతులు గెలిచిన పిల్లలకు... పేరుపేరునా చెప్పాలి గానీ నాకిచ్చింది పది నిమిషాలే. గల్ఫ్ అనుభవాలు చెప్పమన్నారు. వీసాలు, ఏజెంట్ల సంగతి మీలో చాలామందికి తెలిసిందే. నేను ఒక మనిషి గురించి చెబుతాను.

ఈ సీసా చూడండి. ఎడారి, ఒంటెలు, పైన పిట్టలు. గల్ఫ్ పోయొచ్చిన ఇళ్లలో షోకేసుల్లో చూసే ఉంటారు. దీంట్లో కుంచె పెట్టింది లేదు, అంతా ఇసుకే.

దుబాయ్‌లో తొమ్మిదేళ్లు సఫారీ బండి నడిపాను. టూరిస్టులను ఎడారి క్యాంపులో దింపాక వాళ్ల భోజనాలయ్యేదాకా నాకు పని ఉండేది కాదు. వెళ్లి, ఈ సీసా చేసినాయన బల్ల పక్కన కూర్చునేవాణ్ని. ఆయనది జోర్డాన్‌లో పెట్రా దగ్గర. నబాతియన్లనే పాతకాలపు జాతివాళ్లు కొండలు తొలిచి కట్టిన నగరం అది, 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. అక్కడి రాతిలోనే ఎరుపు, పసుపు, తెలుపు చారలుంటాయి. ఆ ఇసుకతో సీసాలు నింపడం అక్కడి విద్య. ఇప్పుడు రంగు కలిపిన ఇసుక కూడా వాడుతున్నారు.

పిల్లలూ, ఒంటెను ఎట్లా వేస్తాడో వినండి. లేత ఇసుక పొర మీద, సన్న మూతి గరాటుతో ముదురు ఇసుక చిటికెడు అద్దానికి ఆనించి పోస్తాడు. అది ఒంటె ఒళ్లు. ఇనుప పుల్లతో దాని మీద నుంచి కిందికి గుచ్చుతాడు. పుల్ల వెంట ముదురు ఇసుక లేత పొరలోకి జారుతుంది. అదే కాలు. నాలుగుసార్లు గుచ్చితే నాలుగు కాళ్లు. చెయ్యి వణికితే చెరపడానికి లేదు. నేల ముందు, ఆకాశం చివర. మధ్యలో మామూలు ఇసుక గట్టిగా కూరి, మూతి దగ్గర మాత్రం జిగురు.

మా అమ్మాయి పేరులో 'శ్రీ' ఉంది. కాగితం మీద రాసిస్తే అటూ ఇటూ తిప్పి, ఏది పైవైపు అని అడిగాడు. ఇదిగో, గుడిదీర్ఘం, క్రావడి, ఏదీ తప్పలేదు. తెలుగు అక్షరం అంతకుముందు చూడని మనిషి!

దీన్ని పట్నంలో ఒక చిత్రకళా ప్రదర్శనకు తీసుకెళితే, షోకేసు బొమ్మలు తీసుకోం అన్నారు. ఆ మాట నాకు ఇంకా మింగుడుపడలేదు. అమెరికాలో ఆండ్రూ క్లెమెన్స్ అని ఉండేవాడు, 1857లో పుట్టి 1894లో పోయాడు. చిన్నప్పుడే జబ్బు చేసి వినికిడి పోయింది. ఆయనా ఇట్లాగే ఇసుకను సీసాల్లో పేర్చాడు. అవి ఇవాళ మ్యూజియంలలో ఉన్నాయి. మరి క్యాంపు బల్ల మీద చేసింది కళ కాదా? మీరే చెప్పండి.

అన్నేళ్లూ ఆయన్ను భాయ్ అనే పిలిచాను. పేరు అడగలేదు. నిన్న రాత్రి సభ కోసం సీసా తుడుస్తుంటే అడుగున ధర కాగితం ఊడొచ్చింది. దాని కింద అరబ్బీలో రెండు మాటలున్నాయి. ఆయన పేరే అయ్యుంటుంది. ఇమామ్ సాబ్, దయచేసి ఇటు రండి. మైకు తీసుకోండి, అందరికీ వినపడేలా చదవండి.