నీళ్లు నిండుగా ఉన్నా నోరెందుకు ఎండుతుంది?

నమస్కారం. బైప్యాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడే యంత్రం) మీద ఉన్న రోగి నోరు పిడచకట్టుకుపోతోందని, మాస్క్ తీసేయమని సైగ చేసినప్పుడు, పక్కనున్నవారు ఆ గాలికి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ వైపు ఒకసారి చూసి "నీళ్లు నిండుగానే ఉన్నాయి కదా" అని ఊరుకోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. నీళ్లు నిండుగానే ఉంటాయి, కానీ చాలాసార్లు వాటిని వేడిచేసే హీటరు ఆపి ఉంటుంది. మరికొందరు "గొంతులో గొట్టం వేయలేదు, ముక్కు తన పని తాను చేసుకుంటుంది" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది కాబట్టే, గాలిని వేడిచేసి తేమ ఇవ్వనక్కర్లేదన్న ఈ అపోహ పోవడం లేదు.

[తెరపై: అంచు దాకా నిండిన చెంబు, పక్కన ఖాళీ బిందె]

గాలిలో ఎంత ఆవిరి పడుతుందనేది దాని వేడిని బట్టి ఉంటుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు గాలిలో సుమారు 17 మిల్లీగ్రాముల ఆవిరి పడితే, శరీరపు వేడి అయిన 37 డిగ్రీల దగ్గర 44 మిల్లీగ్రాములు పడుతుంది. చల్లని గాలిని చెంబు అనుకోండి, ఊపిరితిత్తుల్లోని గాలిని బిందె అనుకోండి. చెంబు నిండితే సాపేక్ష ఆర్ద్రత (గాలి పట్టగల ఆవిరిలో ఎంత భాగం నిండిందనే లెక్క) నూరు శాతమే, కానీ ఆ నీటినే బిందెలోకి ఒంపితే 40 శాతం కూడా నిండదు. తక్కువైన 27 మిల్లీగ్రాములను రోగి ముక్కు, గొంతు, శ్వాసనాళాల లోపలి పొరలే ప్రతి లీటరుకూ పోయవలసి వస్తుంది. చల్లని నీటి మీదుగా వేగంగా సాగిపోయే గాలి ఆ చెంబునైనా పూర్తిగా నింపుకుంటుందన్న నమ్మకం లేదు. ఆసుపత్రి పైపులైను నుంచి వచ్చే పొడి వాయువుతో నడిచే వెంటిలేటర్ విషయంలోనైతే చెంబు దాదాపు ఖాళీగానే వస్తుంది.

మరి ముక్కు ఈ పని రోజంతా చేస్తూనే ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఈ విషయంలో నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే. ముక్కు నీటిని ఇచ్చి ఊరుకోదు, కొంత తిరిగి తీసుకుంటుంది. పీల్చిన గాలికి వేడినీ తేమనూ ఇచ్చి చల్లబడిన ముక్కు పొరల మీదుగా, వదిలే ఊపిరి వెనక్కి వచ్చినప్పుడు, ఆ గాలి కూడా చల్లబడి బిందె కాస్త చిన్నదవుతుంది. పట్టని నీరు ఒలికి, మళ్లీ ఆ పొరల మీదనే చేరుతుంది.

[తెరపై: ముక్కులోకి బాణం గుర్తు, నోటి నుంచి బయటికి మరొకటి]

ముక్కుకు మాత్రమే పెట్టే మాస్క్‌తో నిద్రపోతున్న రోగి నోరు తెరుచుకుందనుకోండి. యంత్రం ఒత్తిడితో పంపే గాలి ముక్కులో ప్రవేశించి నోటి నుంచి బయటికి పోతూ ఉంటుంది, లోపలి నుంచి వచ్చే ఊపిరి ముక్కును తాకదు. ముక్కు బిందెలు నింపుతూనే ఉంటుంది, ఒలికిన నీరు మాత్రం దానికి దక్కదు. ఎండిన పొర వాచి, ముక్కు బిగుసుకుపోతుంది. ముక్కు బిగుసుకునే కొద్దీ రోగి నోటితోనే పీల్చుతాడు, లీకు ఇంకా పెరుగుతుంది. ఆ లీకును ఆపాలని మాస్క్ పట్టీలను మరింత బిగించడం నా దృష్టిలో చాలా తప్పు, ఎందుకంటే ముక్కు దూలం మీద పుండు పడటానికి అది దారితీస్తుంది. ఇంకోవైపు, తేమ తగ్గిన కఫం చిక్కబడి, దాన్ని పైకి నెట్టే, శ్వాసనాళాల లోపలి సన్నని నూగు కదలిక మందగిస్తుంది, అప్పటికే ఆయాసపడుతున్న మనిషి దగ్గడానికి కూడా శ్రమపడాలి.

సమయం తక్కువగా ఉంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. హ్యూమిడిఫయర్‌కు బదులు మాస్క్ దగ్గర పెట్టే హెచ్ఎమ్ఈ (వేడినీ తేమనూ పట్టి ఉంచే) ఫిల్టరు కూడా, ముక్కులాగే, వదిలిన ఊపిరిలోని తేమనే పట్టి తిరిగి ఇస్తుంది; లీకు ఉంటే దానికి చేరే తేమే తగ్గుతుంది, పైగా వదిలిన గాలి కొంత అందులో మిగిలి మళ్లీ లోపలికే పోతుంది. అందుకే అమెరికన్ అసోసియేషన్ ఫర్ రెస్పిరేటరీ కేర్ 2012 మార్గదర్శకాలు మాస్క్ ద్వారా ఇచ్చే శ్వాస సహాయానికి దాన్ని సిఫారసు చేయలేదు. వేడి చేసే హ్యూమిడిఫయర్‌తో రోగికి సౌకర్యం పెరిగి, చికిత్సను కొనసాగించగలుగుతారని సూచించాయి. అయితే ముక్కు ఇంకా పనిచేస్తూనే ఉంది కనుక, మాస్క్ దగ్గర 37 డిగ్రీలు ఉండి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు. ఆ వేడిలో ఉక్కగా ఉందనే రోగులు ఉంటారు, వారిని అడిగి తగ్గించాలి.

ట్యూబులో నీరు చేరడం కూడా చెంబు, బిందెల వ్యవహారమే. వెచ్చని గాలి చల్లని గదిలోని ట్యూబు గుండా వెళ్తూ చల్లబడితే, బిందె చెంబుగా మారి నీరు ఒలుకుతుంది. దానికి హీటరు ఆపడం పరిష్కారం కాదు. లోపల వేడి తీగ ఉన్న ట్యూబు వాడాలి, లేదా ట్యూబుకు తొడుగు వేయాలి. యంత్రాన్ని రోగి తల కంటే దిగువన ఉంచితే, ఒలికిన నీరు మాస్క్‌లోకి రాకుండా వెనక్కి జారుతుంది.