పాత ద్రాక్షతోటను అమ్మేముందు

శ్రోతలందరికీ నమస్కారం.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరంగా గంటసేపు ప్రయాణిస్తే సొనోమా కౌంటీ వస్తుంది. వైన్ విషయంలో పక్కనున్న నాపా లోయకు పేరు ఎక్కువ. అయినా పాతకాలపు ద్రాక్షతీగలు, చిన్న కమతాల మీద తరతరాలుగా బతికిన రైతు కుటుంబాలు ఎక్కువగా కనిపించేది సొనోమాలోనే. మూడెకరాలో ఐదెకరాలో ద్రాక్షతోట, దాని అంచున రెడ్‌వుడ్ కలపతో కట్టిన పాత ఇల్లు, పెరట్లో నీళ్ల ట్యాంకును ఎత్తున నిలబెట్టిన చెక్క గోపురం, ఒక కొట్టం ఉన్న ఆస్తిని ప్రాణంగా చూసుకున్నవారే ఒకనాడు అమ్మకానికి పెట్టవలసి వస్తుంది. అలాంటి అమ్మకం గురించే ఈనాటి ప్రసంగం. ఇంటికీ నేలకూ ధర కట్టించడానికి ముందే, ఆ తోటను గురించి తమకు తెలిసినదంతా యజమానులు కాగితం మీద పెట్టాలని, తీగలు నిలిచే ఏర్పాటును రిజిస్టరైన పత్రాలలోకి ఎక్కించాలని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే అమ్మకపు ప్రకటనలో పడకగదుల సంఖ్య ఉంటుంది, ఎకరాలు ఉంటాయి, కొండ కనిపించే వరండా ఫొటో ఉంటుంది. తోట గురించి మాత్రం ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ ఒక్క ముక్క వెనుక ఎంత ఉందో కొనేవారికి తెలియదు.

19వ శతాబ్దం చివరి దశాబ్దాలలో, వేర్ల రసం పీల్చి తీగలను చంపే ఫిలోక్సెరా అనే పురుగు ఈ ప్రాంతపు తోటలను తుడిచిపెట్టింది. ఆ తరువాత రైతులు, వారిలో ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి, పురుగును తట్టుకునే అమెరికన్ జాతుల వేరు మొక్కల మీద అంటు కట్టి మళ్లీ తోటలు నాటారు. సొనోమా లోయలోని బెడ్‌రాక్ తోటను సెనేటర్ జార్జ్ హర్స్ట్ తిరిగి నాటించినది 1888లో. ఆనాటి తీగలలో కొన్ని ఇప్పటికీ కాస్తున్నాయి. అప్పటివారు ఒకే రకాన్ని వరుసగా నాటలేదు. జిన్‌ఫాండెల్ తీగల మధ్య పెటీట్ సిరా, కారిన్యాన్, అలికాంటే బుషే వంటి రకాలను కలిపి నాటి, అన్నింటినీ ఒకేసారి కోసి ఒకే తొట్టిలో పులియబెట్టేవారు. ఒకటి పులుపునిస్తే ఒకటి రంగునిచ్చేది. సాధారణంగా నల్ల ద్రాక్ష పండును చిదిమితే రసం తెల్లగానే వస్తుంది, రంగంతా తొక్కలోనే ఉంటుంది. అలికాంటే పండును చిదిమితే మాత్రం వేళ్లు ఎర్రబడతాయి, దాని కండలోనే రంగు ఉంది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమలులో ఉన్నప్పుడు ఈ తోటలను నిలబెట్టింది కూడా ఇలాంటి రకాలే. ఇంటి అవసరానికి ఏడాదికి 200 గ్యాలన్ల వరకు పండ్లరసం తయారు చేసుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉండేది గనుక, తొక్క మందంగా ఉండి ప్రయాణానికి తట్టుకునే పండ్లను రైలు పెట్టెలలో తూర్పు తీరపు నగరాలకు పంపి రైతులు ఆ పదమూడేళ్లను నెట్టుకొచ్చారు.

ఇంతటి చరిత్ర ఉన్న తోట, లెక్కల పుస్తకంలో మాత్రం తేలిపోతుంది. ముదురు తీగలు చాలాచోట్ల ఎకరాకు రెండు టన్నులకు మించి కాయవు. అదే నేలలో కొత్త తీగలు నాటితే మూడో ఏటి నుంచి కాపు మొదలై, ఆ తరువాత రెట్టింపుకు పైగా దిగుబడి వస్తుంది. అందుకే కొత్త యజమాని చేసే మొదటి పని తరచుగా ట్రాక్టరుకు గొలుసు కట్టి పాత మోడులను పీకించడం అవుతుంది. ఈ మధ్య వైన్ అమ్మకాలు తగ్గి ఆ ప్రమాదం మరీ పెరిగింది. 2024లో కాలిఫోర్నియాలో వైన్ తయారీకి చేరిన ద్రాక్ష అప్పటికి దాదాపు ఇరవై ఏళ్లలోనే అతి తక్కువ. కొనేవారు లేక చాలామంది రైతులు పండ్లను తీగల మీదే వదిలేశారు.

అమ్మేవారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 13 అనే చట్టం ప్రకారం ఆస్తిపన్నును కొన్ననాటి విలువ మీదే లెక్కగట్టి, మదింపును ఏడాదికి 2 శాతానికి మించి పెంచరు. పెద్దవాళ్లు ఆ ఇంట్లో నిశ్చింతగా ఉండగలిగింది అందువల్లనే. అయితే 2021 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రపోజిషన్ 19 తరువాత, వారసత్వంగా వచ్చిన ఇంట్లో పిల్లలు స్వయంగా కాపురముంటేనే పాత మదింపు వర్తిస్తుంది. సాగుభూమికి కొంత మినహాయింపు ఉన్నా, దూర నగరాలలో ఉద్యోగాలు చేసుకునే ముగ్గురు నలుగురు వారసులకు ఆ ఇల్లు నిలుపుకోవడం భారమే. దీనికి తోడు 2017 అక్టోబరులో టబ్స్ కార్చిచ్చు ఐదు వేలకు పైగా కట్టడాలను బూడిద చేసింది. ఆ తరువాత మరికొన్ని కార్చిచ్చులు వచ్చాయి. చెట్ల మధ్య ఉన్న ఇళ్లకు బీమా దొరకడమే కష్టమైపోయింది. చివరి దిక్కుగా ఉన్న ఫెయిర్ ప్లాన్ పాలసీ ఖరీదెక్కువ, రక్షణ తక్కువ. ప్రేమ ఉన్నా అమ్మక తప్పని పరిస్థితి అంటే ఇదే.

ఇంటికి సంబంధించిన కాగితాల విషయం చట్టమే చూసుకుంటుంది. నీరు బోరు నుంచి వస్తుందా, సెప్టిక్ ట్యాంకు ఉందా, పైకప్పు కారుతుందా, ఆ స్థలం అగ్నిప్రమాద మండలంలో ఉందా అన్నవన్నీ అమ్మేవారు రాతపూర్వకంగా తెలపాలి. గత మూడేళ్లలో ఆ ఇంట్లో ఎవరైనా మరణించి ఉంటే అదీ చెప్పాలి. కానీ నూరేళ్ల తీగల గురించి ఇంత వివరంగా రాసి ఇవ్వమని ఏ చట్టమూ అడగదు.

కనుక ఆ పని యజమాని తనంతట తాను చేయాలి. మొదట తోట పటం గీయాలి. దానికి తగిన కాలం అక్టోబరు, కోత అయిన తరువాత, ఆకు రాలడానికి ముందు. వేసవిలో అంతా ఒకే ఆకుపచ్చగా కనిపించిన తోటలో అప్పుడు రకరకాల రంగులు బయటపడతాయి. అలికాంటే ఆకు ముదురు ఎరుపుకు తిరిగి దూరం నుంచే గుర్తు చిక్కుతుంది. వరుస వెంట నడుస్తూ ఏ తీగ ఏ రకమో, ఏది చచ్చిపోయిందో, ఏది తరువాత నాటినదో రాసుకోవాలి. హిస్టారిక్ వైన్‌యార్డ్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 50 ఏళ్లు దాటిన తోటల జాబితా నిర్వహిస్తోంది. కాస్తున్న తీగలలో కనీసం మూడో వంతు మొదట నాటినవే అయి ఉండాలన్నది దాని నియమం. ఆ జాబితాలో చేరిన తోట పండ్లకు, సీసా మీద తోట పేరు వేసుకునే వైన్ తయారీదారులు దొరికే అవకాశం మెరుగవుతుంది.

పటం కంటే ముఖ్యమైనది కత్తిరింపు తెలిసిన మనిషి. ఈ పాత తీగలకు పందిరి ఉండదు, ఇనుప తీగ ఆసరా కూడా ఉండదు. నడుము ఎత్తు మోడు, దాని మీద నాలుగైదు చేతులు, ప్రతి చేతి చివర ఒక చిన్న మొండి కొమ్మ. చలికాలంలో కిందటేటి రెమ్మలన్నీ తీసేసి, ఒక్కో మొండి మీద రెండు కళ్లు, అంటే చిగురించే మొగ్గలు, మాత్రమే వదలాలి. ఏ రెమ్మ ఉంచాలన్న నిర్ణయంలోనే రెండు మూడేళ్ల తరువాత ఆ చేయి ఎటు సాగుతుందో తేలిపోతుంది. కోసిన గాయం మీద వాన పడితే యూటైపా అనే శిలీంధ్రం లోపలికి దిగి, చేతిని కొంచెం కొంచెంగా ఎండబెడుతుంది. అందుకే అనుభవజ్ఞులు పొడి రోజులు చూసి, వీలైనంత ఆలస్యంగా కత్తెర పట్టుకుంటారు. ఈ పని చేసేవారిలో అత్యధికులు మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలవారు. ఇరవై, ముప్పై ఏళ్లుగా అవే తీగలను కత్తిరిస్తున్న మనిషి పేరు అమ్మకపు కాగితాలలో ఎక్కడా ఉండదు. ఇల్లు చేతులు మారిన రోజున అతనికి కబురు కూడా అందకపోవచ్చు. ఇది నాకు ఎంతో బాధ కలిగించే సంగతి. బేరం కుదిరేటప్పుడే అతన్ని కొనేవారికి పరిచయం చేసి, వచ్చే రెండు మూడు కత్తిరింపులకైనా పని ఒప్పందం రాయించడం యజమాని బాధ్యత.

హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఇ-షాహి ద్రాక్ష పందిళ్లు ఎలా ఉండేవో పెద్దవారికి జ్ఞాపకముంటుంది. అది తినే ద్రాక్ష, అక్కడి పద్ధతి వేరు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరింపులు చేసేవారు. నగరం పెరిగి నేల ధర ఆకాశానికి ఎక్కాక ఆ తోటలు లేఅవుట్లయ్యాయి. నేలకు మంచి ధరే వచ్చింది. కానీ రాతి కూసాల మీద పందిరి కట్టడం, ఏ కన్ను కాపునిస్తుందో చూసి కోయడం తెలిసిన పనివారు చెల్లాచెదురయ్యారు.

సొనోమాలో తీగలను కాపాడుకోవడానికి చట్టబద్ధమైన దారులు కొన్ని ఉన్నాయి. 1990లో ఓటర్లు అమ్మకపు పన్నులో డాలరుకు పావు సెంటు కేటాయించి వ్యవసాయ భూముల పరిరక్షణ సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. భూమి యజమాని చేతిలోనే ఉంటుంది, దాన్ని ముక్కలు చేసి ఇళ్లు కట్టే హక్కును మాత్రం ఆ సంస్థ కొనుక్కుంటుంది. కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అనే ఈ ఒప్పందం రిజిస్టరైతే తరువాత ఎవరు కొన్నా కట్టుబడవలసిందే. ఇలా లక్ష ఎకరాలకు పైగా రక్షణ పొందాయి. అయితే మూడెకరాల తోటకు ఈ అవకాశం అరుదు. చిన్న కమతానికి నాకు ఎక్కువ ఆచరణయోగ్యంగా కనిపించేది కౌలు. పాత తీగల పండ్లను కోరుకునే వైన్ తయారీదారుకు అమ్మకానికి ముందే తోటను దీర్ఘకాల కౌలుకిచ్చి, ఆ పత్రాన్ని రిజిస్టర్ చేయిస్తే కొత్త యజమాని దానికి లోబడే కొనాలి. కాలిఫోర్నియా చట్టం సాగుభూమి కౌలును 51 ఏళ్ల వరకు అనుమతిస్తుంది. ఇందువల్ల ధర కొంత తగ్గుతుంది, ఆ మాట దాచను. వారసులందరూ కూర్చుని, ఎంత తగ్గినా ఒప్పుకోగలమో ఇల్లు ప్రకటనకు ఎక్కకముందే తేల్చుకోవాలి.

సిలికాన్ వ్యాలీలో స్థిరపడిన మన తెలుగువారిలో ఇలాంటి ఇల్లు కొనాలని చూసేవారు ఉంటే, వారికి నా మనవి ఒక్కటే: తోట పటం అడగండి, కత్తిరించే మనిషిని కలవండి, కనీసం ఒక కోత చూసేదాకా ఏ తీగనూ పీకించకండి. జిన్‌ఫాండెల్ గుత్తిలో ఎండు ద్రాక్షలా ముడుచుకున్న పండు, పచ్చికాయ పక్కపక్కనే ఉంటాయి. కొత్తవారు దాన్ని తెగులనుకుంటారు, అది ఆ రకపు స్వభావం. ఒప్పందం వేసవిలో జరిగితే తీగల మీదున్న పంట ఎవరిదో, కోత కూలి ఎవరు చెల్లించాలో విడిగా రాయించుకోండి. ఆగస్టులో సంతకాలై సెప్టెంబరులో కోత వచ్చే ఆస్తికి ఆ ఒక్క పేరా లేకపోతే, పండు పక్వానికి వచ్చిన వారంలో కోయించే అధికారం ఎవరికీ లేక అది చెట్టుమీదే పాడవుతుంది.