బీరు తేరాలంటే గుడ్డ చాలదు

శ్రీకాకుళం నుంచి నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా బీరు కాచడం నేరం, ఇంట్లో అయినా సరే. ఈ వీడియో అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉండి, అక్కడి చట్టం ఒప్పుకుంది గనక కాస్తున్న మనవాళ్లకి.

వాళ్లలో ప్రతివాడూ అడిగేది ఒకటే: "అన్నా, బీరు మసగ్గా ఉంది, పల్చటి గుడ్డలో వడకట్టీమంటావా?"

వద్దు! గుడ్డలో పోస్తే గాలి కలుస్తుంది, నాలుగు రోజుల్లో తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. మసక మాత్రం అలాగే ఉంటుంది.

ఏటంటే, నాగావళికి వరదొచ్చినప్పుడు ఓ బిందెడు ఎర్రనీళ్లు పట్టండి. గుడ్డేస్తే పుల్లలూ ఆకులూ ఆగుతాయి, ఎరుపు ఆగదు. ఆ మట్టి రేణువులన్నిటికీ రుణావేశమే, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. అందులో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పితే? పటికలోని అల్యూమినియానిది ధనావేశం. ఆ తోపులాట ఆగి రేణువులు గుంపుకట్టి, బరువెక్కి, దిగిపోతాయి. పైన తేట, అడుగున మడ్డి.

బీరులో ఆ ఎర్రమట్టి ఈస్ట్, అంటే బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి. ఒక్కో కణం 5 నుంచి 10 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దానిదీ రుణావేశమే. మరి పటిక? జెలటిన్, అదే జెల్లీ గడ్డకట్టడానికి వేసే పొడి. (నిజం పటిక వేసేస్తారేమో, వెయ్యకండి బాబూ!) 20 లీటర్లకి ఓ టీస్పూను లోపే చాలు. 65, 70 డిగ్రీల నీళ్లలో కరిగించాలి. మరిగించొద్దు, మరిగితే దాని పొడవాటి గొలుసులు తెగిపోయి పట్టు పోతుంది.

ఈ బిందె పోలికకి అందని మసక ఇంకోటుంది. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు మసగ్గా ఉంటుంది, బల్ల మీద పెట్టి కబుర్లాడేలోగా తేటపడుతుంది. ఎర్రనీళ్లు అలగ చెయ్యవు కదా? ఇది మాల్ట్‌లోని (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజల్లోని) ప్రోటీన్లు, మాల్ట్ పొట్టులోనూ హాప్స్ అనే చేదు పువ్వుల్లోనూ ఉండే పాలీఫినాల్స్ అనే వగరు పదార్థాలు చలికి చేతులు కలపడం. వెచ్చబడితే విడిపోతాయి. అందుకే జెలటిన్ వెచ్చటి బీరులో వేస్తే సగం దండగ. అప్పటికి ఈ మట్టి ఇంకా పుట్టనే లేదు, పటిక దేన్ని పట్టుకుంటుంది? ముందు 0 నుంచి 2 డిగ్రీలకి దించండి, ఓ రోజు ఉంచండి, మసక పుట్టనివ్వండి, అప్పుడు వెయ్యండి. ఇంకో రెండు మూడు రోజులు కదపకండి. నన్నడిగితే చలీ ఓపికా చాలు, సగం మందికి జెలటినే అక్కర్లేదు.

టైము అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. జెలటిన్ జంతువులది, శాకాహారులు చూసుకోండి. కచిడి చేప గాలితిత్తికి మన తీరంలో ఎంత ధర పలుకుతుందో తెలుసుగా, ఇంగ్లండులో పీపా బీరు తేర్చడానికి వాడే ఐసింగ్లాస్ కూడా చేప గాలితిత్తే. అదీ వద్దనుకుంటే ఐరిష్ మాస్ అనే సముద్రపు నాచు ఉంది, అది మాత్రం పులియబెట్టక ముందు, మాల్ట్ రసం మరగడం పూర్తయ్యే 15 నిమిషాల ముందు వేసి, దించగానే వేగంగా చల్లార్చాలి. గోధుమ బీరు మామూలుగా మసగ్గానే ఉంటుంది, దాని జోలికి పోకండి.

గ్యాసు పుట్టించేది ఈస్టే కదా, అదంతా దిగిపోతే సీసాలో గ్యాసు ఎలా వస్తుందంటారా? కంటికి కనపడనంత మిగులుతుంది, అది చాలు, కాస్త ఆలస్యమవుతుందంతే. గ్లాసులో పోసేటప్పుడు సీసా అడుగున ఓ వేలి మందం వదిలెయ్యండి.