పెళ్లి వీడియోల హార్డ్‌డిస్క్‌ను రౌటర్‌కి తగిలించే ముందు ఇది చూడండి

నమస్తే అండీ, నల్గొండ నుంచి మాట్లాడుతున్నా. నాది పెళ్లి వీడియోలు తీసి ఎడిట్ చేసే పని. మాఘంలో వరుసగా ముహూర్తాలు పడితే మెమరీ కార్డులు కుప్పపడతాయి. వాటిలో ఉన్నదంతా ఒకే చోట పెట్టుకోవాలి. కింద కంప్యూటర్‌లో నేను, పైన లాప్‌టాప్‌లో తమ్ముడు ఒకేసారి పని చేసుకోవాలి. అందుకే రౌటర్ మార్చాను.

ముందు పాతది చూపిస్తా. ఫైబర్ కనెక్షన్‌తో పాటు వచ్చిన పెట్టె ఇది. వెనక కేబుల్ గుచ్చే ఈ లాన్ పోర్టులు చూడండి, అన్నీ 100 ఎంబీపీఎస్‌వే. ఇవి మెగాబిట్లు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. అందుకే ఫైల్ కాపీ చేస్తే సెకనుకు 11, 12 ఎంబీ దాటదు. 64 జీబీ కార్డు ఖాళీ కావాలంటే గంటన్నర కూర్చోవాలి. గిగాబిట్ పోర్టయితే సెకనుకు 110 ఎంబీ దాకా వెళ్తుంది. కార్డు, డిస్క్ ఆ వేగం అందుకుంటే పది నిమిషాల పని. కాబట్టి కొనేటప్పుడు నేను మొట్టమొదట చూసేది పోర్టులే.

అట్ట మీది నంబర్‌ని చూసి మాత్రం కొనకండి. ఏఎక్స్3000 అంటే వైఫైకి ఉన్న రెండు బ్యాండ్లలో, 2.4 గిగాహెర్ట్జ్‌లో 574 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్‌లో 2402 ఎంబీపీఎస్, రెండూ కలిపి రాసిన లెక్క. మీ ఫోన్‌కి ఆ మొత్తం రాదు. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ పట్టే ఫోనో లాప్‌టాపో ఉంటేనే. పైగా టీపీ లింక్ ఆర్చర్ ఏఎక్స్53, ఏఎక్స్55 రెండూ ఏఎక్స్3000లే, కానీ యూఎస్‌బీ పోర్టు ఉన్నది ఏఎక్స్55కే. డిస్క్ తగిలించాలనుకుని మొదటిది తెచ్చుకుంటే డబ్బులు పోయినట్టే.

మాది పాత ఇల్లు. కింద రాతి గోడలు, మూరెడు మందం. ముందర్రలో రౌటర్ పెడితే వెనకర్రలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఒక్క గీతే. ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా రాయి రాయే. మెట్ల పక్క నుంచి పైకి క్యాట్ 6 నెట్ కేబుల్ లాగించి, అక్కడ వైఫై ఇచ్చే ఇంకో పెట్టె, యాక్సెస్ పాయింట్ అంటారు, అది పెట్టాను. తమ్ముడి బాధ ఆ రోజుతో తీరింది.

ఇక డిస్క్ సంగతి. ఇది మనసులో పెట్టుకోండి. పోయిన ఎండాకాలం రౌటర్ యూఎస్‌బీకి డిస్క్ పెట్టి ఒక పెళ్లి కాపీ చేస్తున్నా. గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. తిరిగొచ్చాక తలంబ్రాల ఫోల్డర్ తెరుచుకోలేదు. డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంది. అందులో జర్నలింగ్, అంటే ఏం మారుస్తోందో డిస్క్ మీద ముందే నోట్ చేసుకునే పద్ధతి, ఉండదు, రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి బతికాను. లేకపోతే ఆ అమ్మాయి తల్లిదండ్రులకు ఏం చెప్పాలి? ఆ తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఇంకొకటి, యూఎస్‌బీ 3.0 డిస్క్ రౌటర్‌కి మరీ దగ్గరగా ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అడ్డం తగులుతుంది. మంచి షీల్డ్ ఉన్న కేబుల్‌తో కాస్త దూరంగా పెట్టండి.

ఇంట్లో సినిమాలు, ఫోన్ ఫొటోల కోసమైతే ఏఎక్స్55 లాంటిది చాలు. డిస్క్ మీదే బతుకుతెరువు ఉన్నవాళ్లు మాత్రం రౌటర్‌ని వైఫైకే వదిలేసి, సైనాలజీ డీఎస్223 లాంటి రెండు డిస్కుల న్యాస్‌ని, అంటే నెట్‌వర్క్‌కి తగిలించుకునే డిస్కుల పెట్టెని, రౌటర్ గిగాబిట్ పోర్టుకి కలపండి. రెండు డిస్కుల్లోనూ అదే డేటా ఉండేలా పెట్టుకుంటే ఒకటి చెడిపోయినా ఇంకోటి ఉంటుంది. రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్, న్యాస్‌కి కంప్యూటర్ యూపీఎస్ తప్పనిసరి. మినీ యూపీఎస్ కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో చూడండి.

పొరపాటున మనమే చెరిపేస్తే మాత్రం ఆ రెండు డిస్కుల్లోనూ పోతుంది. అందుకని నా దగ్గర మూడో డిస్క్, నాలుగో డిస్క్ ఉన్నాయి. ఒకటి ఎప్పుడూ మిర్యాలగూడలో మా అక్కవాళ్ల ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఆదివారం వెళ్లినప్పుడు కొత్తగా కాపీ చేసింది అక్కడ పెట్టి పాతది తెచ్చుకుంటా.