సరిహద్దు దాటే పోలీసులు, దాటని ప్రశ్నలు

సభకు నమస్కారం.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం స్మగ్లింగ్ నిరోధక టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. ఆత్మరక్షణకే కాల్చామని పోలీసులు చెప్పగా, ముందే పట్టుకొని చంపారని హక్కుల సంఘాలు ఆరోపించాయి. అందులో నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలే. నా ప్రశ్న వేరు. పోలీసులు, అటవీ సిబ్బంది కలిసి పనిచేసిన ఆ దళం ఏ చట్టసభకు జవాబుదారీ? పోలీసు వ్యవస్థ రాజ్యాంగంలోని రాష్ట్ర జాబితాలో, అంటే రాష్ట్రాలు చట్టం చేసే అంశాల్లో, ఉంది కనుక ఆంధ్రప్రదేశ్ శాసనసభకే. మృతుల కుటుంబాలు ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యేలకు మాత్రం ఆ సభలో ప్రవేశం లేదు.

శాసనసభ చేతిలో అధికారం లేకపోలేదు. 1952 నాటి విచారణ సంఘాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం చట్టసభ తీర్మానిస్తే ప్రభుత్వం కమిషన్ వేసి తీరాలి. నివేదిక అందిన ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల వివరణతో సహా దానిని సభ ముందుంచాలి. అయితే దానిపై చర్చ జరిగి తీరాలని ఆ చట్టం అనలేదు. ఇక సభలో ఎమ్మెల్యేల ప్రశ్నలకు మంత్రులిచ్చే జవాబుల సంగతి మీకు తెలిసిందే: ప్రశ్నలోని 'ఎ' భాగానికి "లేదండి", 'బి' భాగానికి "ప్రశ్న ఉత్పన్నం కాదు". కేసు కోర్టులో ఉందంటే ఆ రెండు ముక్కలు కూడా దక్కవు.

సంస్థల మధ్య సహకారంలో సభ పాత్ర ఇంకా తక్కువ. సీబీఐకి దర్యాప్తు అధికారమిచ్చే 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు సంస్థ చట్టం 6వ సెక్షన్ కింద, రాష్ట్రంలో సీబీఐ దర్యాప్తుకు ఆ రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కావాలి. ఆంధ్రప్రదేశ్ 2018 నవంబరులో సాధారణ సమ్మతిని (కేసు కేసుకూ అడగనక్కర్లేకుండా ముందే ఇచ్చే అనుమతిని) ఉపసంహరించుకొని, ప్రభుత్వం మారాక 2019 జూన్‌లో పునరుద్ధరించింది. తెలంగాణ 2022 ఆగస్టులో ఉపసంహరించుకొంది. ఇవన్నీ ప్రభుత్వ ఉత్తర్వులతోనే జరిగిపోయాయి. సమ్మతి లేకున్నా హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010లో తేల్చింది కనుక, బాధితులు ఎమ్మెల్యే ఇంటికి కాక వకీలు దగ్గరకు వెళ్తున్నారు. అందులో వారి తప్పేమీ లేదు.

ఫోన్లపై రహస్యంగా నిఘా పెట్టే పెగాసస్ సాఫ్ట్‌వేర్ ఆరోపణలపై 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సభాసంఘాన్ని, అంటే ఎమ్మెల్యేలతో కూడిన కమిటీని, వేసింది. సభ తలచుకుంటే పోలీసు నిఘాపై కూడా విచారణ చేపట్టగలదని దానితో తెలిసింది. కాకపోతే ఆ ఆరోపణలు గత ప్రభుత్వం మీద. ఉన్న ప్రభుత్వం మీదైతే అంత చురుకు ఉండేదా అన్నది నా అనుమానం.

కాబట్టి నా సూచన ఇది. పోలీసు శాఖ ఇతర శాఖలతోగానీ, పొరుగు రాష్ట్రంతోగానీ కలిసి దళాన్ని ఏర్పాటు చేసినప్పుడు, ఆదేశాలిచ్చే అధికారి ఎవరో, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ ఉత్తర్వులోనే రాసి, ఉత్తర్వును సభ ముందుంచాలి. కాల్పుల్లో మరణం సంభవిస్తే విపక్ష సభ్యుని అధ్యక్షతన సభాసంఘం వేసి, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చిన అర్జీలను కూడా స్వీకరించాలి. నేరం ఎవరిదో ఆ సంఘం తేల్చనక్కర్లేదు. ఆ దళాన్ని ఎవరు పంపారు, ఏ ఆదేశంతో పంపారు, తర్వాత ఏ చర్య తీసుకున్నారు అన్న మూడింటికీ రాతపూర్వక సమాధానం రాబడితే చాలు.